మట్టి సినిమాకు నేను చెప్పిన తెలుగు

లచ్చుమమ్మ పోయిందని వాళ్ల పెద్దకూతురు వెలిగండ్ల నుంచి ఫోను చేసింది. "మా యమ్మ మిమ్మల్ని తలుచుకుంటా ఉండేది టీచరమ్మా" అని ఆ అమ్మాయి అంది. ఏం జబ్బు, ఎన్నాళ్లు మంచాన పడింది, దినం ఎప్పుడు అని అడగాల్సినవన్నీ అడిగి ఫోను పెట్టేశాను. ఈ మోకాళ్లతో నేను వెలిగండ్ల దాకా పోలేను. పోగలిగినా ఆ ఇంట్లో నన్ను నేను ఏమని చెప్పుకోవాలి? ఆమెకు చదువు చెప్పిన టీచరమ్మనని చెప్పుకోవాలి. ఆ చదువు రెండేళ్లు కూడా నిండలేదు. నిండకపోవడానికి కారణం నేనే. ఈ సంగతి నా పిల్లలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలనిపించిన ప్రతిసారీ వేరే మాటలోకి జారుకున్నాను. ఇప్పుడు రాయడం తప్ప నాకు ఇంకో దారి కనపడలేదు.

పెద్దారవీడు దాటినాక నల్లమల మొదట్లో ఉంటుంది మా ఊరు. పేరు రాయను, ఆ కుటుంబం వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అప్పటికి మాకు జిల్లా కర్నూలు, పై సర్కారు మద్రాసు. ఊరికి పడమట కొండ, కొండ కింద చేలు, చేల కింద వంక, వంక ఒడ్డున మా పాలెం. పాలెంలో ఉన్నవి ఇరవై ముప్పై గుడిసెలు, మట్టిగోడల ప్రార్థన మందిరం ఒకటి. మా నాయన పేరు యోబు. ఊళ్లో పెదకాపు దగ్గర జీతానికి ఉండేవాడు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయని చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. బస్సు వెనకాల మనిషెత్తు ఇనుప పీపా ఉండేది. దాంట్లో బొగ్గు రాజేసి, ఒక మనిషి చెమటలు కారేలా చక్రం తిప్పితే చాలాసేపటికి బస్సు కదిలేది. మార్కాపురం బస్సులకు బొగ్గు తోలే కంట్రాక్టు పెదకాపుకు దొరికింది. కొండ మీద చెట్లు కొట్టి బట్టీలు కాల్చే పని మా నాయనకు పడింది. యుద్ధం అయిపోయినా పెట్రోలు సరిగ్గా దొరకక, ఆ బట్టీలు ఇంకా కొన్నేళ్లు కాలుతూనే ఉన్నాయి.

నా చిన్నతనం వాసన ఏదని అడిగితే బొగ్గు వాసనే అంటాను. గుంటలో కట్టెలు పేర్చి, పైన ఆకూ మట్టీ కప్పి, లోపల నిప్పు పెట్టి, అది మంట కాకుండా లోలోపలే కాలేట్టు నాలుగైదు రోజులు కాపలా కాయాలి. మా నాయన కొండ దిగి వస్తే మనిషి కన్నా ముందు దగ్గు వచ్చేది. దగ్గు వెనకాల పొగ వాసన వచ్చేది. అమ్మ పొయ్యి మీద సజ్జ సంగటి కెలుకుతూ, తల తిప్పకుండానే "మీ నాయన వచ్చినాడు, నీళ్లు పెట్టు" అనేది. ఆదివారం పొద్దున ప్రార్థనకు ముందు ఆయన చేతులకు చింతపండు పులుసూ బూడిదా పూసి బీరపీచుతో రుద్దేది. అరచేతులు తెల్లబడేవి గానీ గోళ్ల మూలల నలుపు మాత్రం వదిలేది కాదు. మందిరంలో అందరూ చేతులు జోడించి ప్రార్థన చేస్తే మా నాయన పైగుడ్డ కింద జోడించేవాడు.

నేను మార్కాపురంలో మిషను బోర్డింగులో చదివి, ట్రెయినింగు అయి, పంతొమ్మిదేళ్లకు మా ఊరి బోర్డు స్కూలుకే టీచరుగా వచ్చాను. స్కూలంటే పెదకాపు వాళ్ల పాత ఆముదాల కొట్టం. రాతి గోడలు, ఒక తలుపు, పైన రెండు చిన్న కిటికీలు. ఎంత అలికినా నేలలో నుంచి ఆముదం గింజల కమురు వాసన వస్తూనే ఉండేది. ఊరి పిల్లలు గోడ వైపు, పాలెం పిల్లలు తలుపు వైపు కూర్చునేవారు. ఎవరూ అట్లా కూర్చోమని చెప్పలేదు, ఎవరూ వద్దనీ చెప్పలేదు. పెదకాపు చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ కొట్టాన్ని బడికి వదిలింది ఆయనే. కరువు ఏడాది పాలెంలో ప్రతి ఇంటికీ జొన్నలు కొలిపించిందీ ఆయనే. జీతగాడి కూతురు టీచరుగా వస్తే ఊళ్లో కొందరు ముఖం చిట్లించినప్పుడు, "మన యోబు కూతురు ఇంగ్లీషు చదువుతాది, మీ ఇంట్లో ఎవురికొచ్చు?" అని నోరు మూయించిందీ ఆయనే. తన మనవరాల్ని తీసుకొచ్చి అందరికన్నా ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ పిల్లే లచ్చుమమ్మ. అప్పటికి పదేళ్లుండవచ్చు. తల్లి లేని పిల్ల కాబట్టి తాత మోకాలి మీదే పెరిగింది. తెలియనిది వింటే నోరు కాస్త తెరుచుకుని అట్లాగే ఉండిపోయేది. తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయేది.

నేను వచ్చిన రెండో ఏడు, వానలకు ముందు, కర్నూలు నుంచి స్కూళ్లకు సినిమా వస్తుందని కబురు వచ్చింది. కథ సినిమా కాదు, చదువు సినిమా. నేల ఎట్లా కోసుకుపోతుందో, చెట్లూ గట్లూ ఎందుకు ఉండాలో పిల్లలకు బొమ్మల్లో చూపిస్తారట. మా ఊళ్లో అప్పటికి సినిమా చూసినవాళ్లు నలుగురు ఉంటే గొప్ప. పెదకాపు బండి కట్టించి, పెద్దారవీడు దాకా పోయి, సినిమా ఆపరేటర్ని, ఆయన రెండు ఇనుప పెట్టెల్ని, పెట్రోలుతో నడిచే కరెంటు మిషనునీ ఊళ్లోకి తెచ్చాడు. ఆపరేటరు నెల్లూరు మనిషి. సన్నగా ఉండేవాడు, మాట మెత్తన. మొదటి రోజు మధ్యాహ్నం పిల్లలకు ఒక ఆట, మర్నాడు పొద్దున స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి ముందు, ఊరి పెద్దల ముందు ఇంకో ఆట అని చెప్పాడు. అంతా చెప్పి, తల గోక్కుంటూ, "ఒక్కటే చిక్కమ్మా. దీంట్లో మాటలన్నీ ఇంగ్లీషు. తెలుగులో చెప్పే ఆయన జ్వరంతో కంభంలో దిగిపోయాడు. చదవడానికి కాయితం ఉంది, అదీ ఇంగ్లీషే. మీరు చెప్పేటప్పుడు మిషను మాటలు వినపడకుండా ఆపేస్తాను. మీకు వచ్చటగా, కాస్త పిల్లలకు చెప్పరాదూ?" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బోర్డింగులో నేర్చుకున్న ఇంగ్లీషుతో మా ఊళ్లో ఎవరికైనా పని పడుతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

కిటికీలకు, తలుపుకు గొర్రెల కాపర్ల దగ్గర అడిగి తెచ్చిన గొంగళ్లు కట్టాం. కొట్టం లోపల కళ్లు పొడుచుకున్నా కనపడనంత చీకటి. గొంగళ్ల మొచ్చు కంపు, ఆముదం కమురు, బయట నుంచి పెట్రోలు పొగ, అరవై మంది పిల్లల చెమట. ఊపిరాడేది కాదు, అయినా ఒక్కరూ కదల్లేదు. గోడ మీద కట్టిన పంచె వెలిగింది. మొదటి బొమ్మ ఒక వాన చుక్క. అది ఉత్త నేల మీద పడి, నిదానంగా, కిరీటంలాగా లేచి, చుట్టూ మట్టిని ఎగజిమ్మింది. పిల్లలు "అబ్బా!" అన్నారు. తర్వాత రెండు వాలుగా పెట్టిన చెక్క పెట్టెలు. ఒకదాంట్లో గడ్డి మొలిచిన మట్టి, ఒకదాంట్లో ఉత్త మట్టి. రెండింటి మీదా ఒక దొర నీళ్లు పోశాడు. గడ్డి పెట్టెలోంచి తేట నీళ్లు వచ్చాయి, ఉత్త పెట్టెలోంచి బురద వచ్చింది. ఆ తర్వాత చెట్లు నరికేసిన కొండ. కొండ ఒంటి మీద గీతలు. గీతలు కాలవలై, కాలవలు మనిషిని మింగేంత గండ్లై, ఆ గండి అంచున కూలిపోతున్న ఒక ఇల్లు. నేను కాయితం చూడటం మానేశాను. నాకు తెలిసిన సంగతినే ఎవరో దేశం కాని దేశం నుంచి వచ్చి నా నోట చెప్పిస్తున్నట్టుంది. "చెట్టు వేరు మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. చెట్టు కొడితే ఆ చెయ్యి వదిలినట్టే. వదిలిన మట్టి వానకు కిందికి వస్తుంది, కింద ఉన్న చేనును కోస్తుంది" అని చెప్పుకుపోతున్నాను.

లచ్చుమమ్మ లేచి నిలబడింది. దాని తల నీడ పంచె మీద పడింది. "టీచరమ్మా, అది మన బొగ్గుల కొండే!" అని అరిచింది. పిల్లలంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "మన కొండ కాదు, మన కొండలాంటిదే" అన్నాను.

"అయితే మన వంక గూడా అట్లనే కోసుకపోతాదా?"

"పోతుంది. పోతా ఉంది కూడా. కావాలంటే రేపు మీరే పోయి చూడండి, మా పాలెం పక్కన గండి ఎంతైందో" అన్నాను.

ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాకుండా ఉంటే ఎట్లా ఉండేదో అని నేను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆ క్షణాన నేను నిజంగా టీచర్ని. అంతకు ముందూ ఆ తర్వాతా అంత టీచర్ని కాలేదు.

దీపాలు పెట్టే వేళకు పెదకాపు పిలిపించాడు. నేను పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. లచ్చుమమ్మ ఆయన మోకాలికి ఆనుకుని, రెండు చేతులూ వాలుగా పెట్టి, గడ్డి పెట్టె, ఉత్త పెట్టె కథ చెబుతోంది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుంది. ఆయన దాన్ని "పోమ్మా, లోపలికి పోయి బువ్వ తిను" అని పంపించాడు. నేను కింద నిలబడ్డాను. ఆ అరుగు ముందు నేను ఎప్పుడూ కిందే నిలబడ్డాను.

"ఏం రాహేలూ, సినిమా బాగ చెప్పినావంట."

"పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పినానయ్యా."

"అర్థమయింది. ఆ పిల్ల వచ్చినకాడి నుంచి నోరు మూయలా. తాతా, నీ కొండ వల్ల వంక పెద్దదయిందంట అని నాకే చెప్తాంది." ఆయన నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "రేపు డిప్టీ ఇనస్పెక్టరు వెంబడి ఫారెస్టు రేంజరు గూడా వస్తాండాడు. సర్వే రాళ్ల అవతల, సర్కారు అడివిలో గూడా మనం కొట్టినాం. నాకు తెలుసు, మీ నాయనకు తెలుసు. నీకూ తెలుసు. వాళ్లకు ఇంకా తెలీదు. సినిమాలో అది విని ఒకడు కొండ పక్క చూసినాడంటే తెలుస్తాది."

ఆయన వక్కాకు ఉమ్మి మళ్లీ నా వైపు తిరిగాడు.

"నేను నిన్ను బెదిరించడం లేదమ్మా. ఉండేది చెప్తాండా. గొడ్డలి పట్టింది ఎవురు? బట్టీ కాల్చింది ఎవురు? గార్డు వచ్చి పట్టుకునేది గొడ్డలి పట్టినోణ్ణి. నాకు జుల్మానా వేస్తే కడతా. మీ నాయనను జైల్లో వేస్తే నేనేం చేసేది?"

"మరి సినిమాలో ఉంది కదయ్యా. బొమ్మల్లో కనపడుతుంది కదా."

"బొమ్మల్లో ఏముంటే ఏంది? కొండ కనపడతాది, వాన కనపడతాది. ఎందుకు అట్ల అయిందనేది మాటల్లో గదా ఉండేది. మిషను మాటలు ఆపేస్తారంట, ఇంగ్లీషు కాయితం ఉండేది నీ చేతిలోనే. దాంట్లో ఏమన్నా ఉండనీ, నువ్వు చెప్పిందే మాకు సినిమా."

ఇంటికి వచ్చాను. మా నాయన సంగటి ముద్ద ముందు కూర్చున్నాడు. పెదకాపు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. చెప్పి, అప్పటిదాకా ఎప్పుడూ అడగని మాట అడిగాను. "నాయనా, కొండ మీద చెట్లు కొడితే మన చేను పోతుందని నీకు తెలుసా?" వంక ఒడ్డున మాకు అరెకరం చేను ఉండేది. ప్రతి వానకూ ఇంత ముక్క విరిగి గండిలో పడేది.

ఆయన ముద్ద తుంచి, చింతాకు పప్పులో అద్ది, నోట్లో పెట్టుకోకుండా అట్లాగే పట్టుకున్నాడు. "తెలీకేం? నీళ్లు యాడ నుంచి వచ్చేది కండ్లకు కనపడదా? నువ్వు సినిమా చూసి తెలుసుకున్యావు, నేను పైన నిలబడి చూసినా. ఒక బట్టీకి కట్టెలు కొట్టినప్పుడల్లా, ఇది మన చేనులో ఎన్ని బారలు తింటాదో అని లెక్కేసుకునేవాణ్ణి."

"మరి ఎందుకు కొట్టినావు?"

"నీ బోర్డింగుకు ఆరేండ్లు గింజలు యాడ నుంచి పోయినాయి? ఆ ఇంగ్లీషు యాడ నుంచి వచ్చింది?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఈ దగ్గుతో జైలుకు పోతే తిరిగి వస్తాడా?" అంది. అది ప్రశ్న కాదు. నేను మా నాయన వైపే చూస్తున్నాను, ఏదో ఒకటి చెబుతాడని. ఆయన చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి, "నిజం చెప్పు అనేదానికి నాకు నోరు రాదు. అబద్ధం చెప్పమనేదానికీ రాదు. నువ్వు చదువుకున్యావు, నీ ఇష్టమమ్మా" అన్నాడు. అంతకన్నా పెదకాపు మాటే నయమనిపించింది. ఆయన నన్ను ఒక వైపుకు నెట్టాడు. మా నాయన నన్ను నాకే వదిలేశాడు.

మర్నాడు పొద్దున కొట్టంలో కాలు పెట్టే చోటు లేదు. ముందు కుర్చీల్లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు, ఖాకీ బట్టల్లో రేంజరు, పెదకాపు. వాళ్ల వెనక ఊరి పెద్దలు. పిల్లలు నేల మీద, నా కాళ్ల దగ్గర. గొంగళ్లు ఇచ్చిన గొర్రెల కాపర్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. తలుపు మూసి, గొంగడి దించేశారు. నాకు ఆ చీకట్లో తలుపు ఎటు ఉందో కూడా తెలియలేదు. మిషను తిరగడం మొదలైంది. వాన చుక్క పడింది. కాయితం నా చేతిలో తడిసిపోయింది.

"ఇది దూర దేశం" అని మొదలుపెట్టాను. "అక్కడ నేల గుల్ల నేల. మన నేలలాగా రాతి నేల కాదు." గొంతు నాదేనా అనిపించింది. చెక్క పెట్టెల దగ్గర, గడ్డి ఉంటే నేలకు మంచిదని మాత్రం చెప్పాను. చెట్లు కొట్టిన కొండ వచ్చింది. అక్కడ ఏదో ఒక కారణం చెప్పాలి. నాకు రాత్రంతా తోచని కారణం ఆ క్షణాన తోచింది. "అక్కడ గొర్రెలు ఎక్కువ. మేపి మేపి కొండ మీద ఆకన్నది లేకుండా చేశారు. అందుకే నేల కోసుకుపోయింది" అన్నాను.

"కరెక్ట్! గొర్రెలే! నేను ఎప్పుడూ చెప్పేది అదే" అన్నాడు రేంజరు చీకట్లో.

అప్పుడు లచ్చుమమ్మ లేచింది. ముందు రోజులాగే దాని తల నీడ ఆ కొండ మీద పడింది. "టీచరమ్మా, నిన్న అట్ల చెప్పలేదు గదా! చెట్లు కొట్టినందుకని చెప్పినావు. మన బొగ్గుల..."

"లేదు" అన్నాను. దాని మాట పూర్తి కానివ్వలేదు. "నేను అట్లా చెప్పలేదు. నువ్వు సరిగ్గా వినలేదు. కూర్చో."

ముందు రోజు విన్న అరవై మంది పిల్లలు అక్కడే ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. మా పాలెం పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేదు. లచ్చుమమ్మ వాళ్ల వైపు చూసింది, వాళ్ల తాత వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. పంచె మీది వెలుగు దాని మొహం మీద పడి కదులుతోంది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క తప్పిందని చెప్పినప్పుడు పలక వైపు చూసుకున్నట్టు, తనలోకి తను చూసుకుంటున్నట్టుంది. కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు నన్ను అందరి ముందూ మెచ్చుకుని, రిజిస్టర్లో నా గురించి మంచి మాట రాసి, సంతకం చేశారు. ఆ ఏడే నా ఉద్యోగం ఖాయమైంది. ఆపరేటరు పెట్టెలు సర్దుకుంటూ, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు, "ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చమ్మా" అన్నాడు. నేను గబుక్కున తలుపు వైపు చూశాను. "భయపడకండి, నేనెవరితోనూ అనను. నేను రేపు ఇంకో ఊళ్లో ఉంటాను. మీరు ఇక్కడే ఉండాలిగా" అన్నాడు. జాలిపడి అన్న మాటే అది. నాకు మాత్రం చెప్పి తలుపు గడియ పెట్టినట్టు వినపడింది.

నా అబద్ధం కొట్టంలోనే ఆగలేదు. నెల తిరక్కుండా రేంజరు కొండ మీద గొర్రెలు మేపకూడదని కట్టడి చేశాడు. రెండు కాపరి కుటుంబాలు మందలు తోలుకుని కనిగిరి వైపు వెళ్లిపోయాయి. నేను గొంగళ్లు తిరిగి ఇవ్వడానికి పోతే ఒక ముసలామె అందుకుని, దులిపి, భుజాన వేసుకుంది. బట్టీలు మాత్రం ఇంకా రెండేళ్లు కాలాయి.

సినిమా ఆడిన మర్నాటి నుంచి లచ్చుమమ్మ బడికి రాలేదు. నాలుగో రోజున పెదకాపు మనిషి దాని పలక తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇంకెవురికన్నా ఇయ్యమన్నాడు" అన్నాడు. నేను ధైర్యం చేసి ఆయన్ని అడిగాను. "పెద్దల ముందర లేచి నాకు ఎదురు మాట్లాడె. నీ బళ్లోనే గదా నేర్చుకున్యాది. ఆడపిల్లకు ఇంతవరకు చాలు" అన్నాడు. నా మీద కోపంతో అన్నది కాదు. ఆ పిల్ల నోట నిజం ఇంకోసారి వినే శక్తి ఆయనకు లేదని నాకు అప్పుడు అర్థం కాలేదు. పాఠం చెబుతూ తల తిప్పితే కిటికీలోంచి వాళ్ల మిద్దె కనపడేది. మిద్దె మీద అది మిరపకాయలు ఆరబోస్తూ ఉండేది. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే చేతిలో పని ఆపి నిలబడేది. పదమూడో ఏట పెళ్లి చేసి వెలిగండ్ల వైపు పంపించేశారు. నేను ఆ బళ్లోనే పదకొండేళ్లు ఉన్నాను. బదిలీకి అర్జీ పెట్టుకోవాలని ఎన్నోసార్లు కాయితం తీశాను. మా నాయన దగ్గు, అమ్మ ఒంటరితనం, నా భయం, ఏదో ఒకటి ఆ కాయితాన్ని మళ్లీ పెట్టెలో పెట్టించేది.

గండి మా అరెకరాన్ని పూర్తిగా తినేసింది. ఆపైన పెదకాపు నిమ్మతోట మీద పడి, రాళ్లూ ఇసకా మేట వేసి పోయింది. ఒకనాటి సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆయన కర్ర ఊతంగా పట్టుకుని బడికి వచ్చి, పిల్లల బల్ల మీద కూర్చుని, "రాహేలూ, ఆ గడ్డి పెట్టెలో నీళ్లు తేటగా వచ్చినాయంట గదా. లచ్చుమమ్మ చెప్తాండె. ఆ సినిమా ఇంకోసారి తెప్పించలేమా?" అన్నాడు. నేను కర్నూలుకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆయన ఆ ఏడు చలికాలంలో పోయాడు. మా నాయన అంతకు ముందే, జైల్లో కాదు, ఇంట్లో కుక్కి మంచంలో, దగ్గుతూనే పోయాడు. నేను చెప్పిన అబద్ధానికి ప్రతిఫలంగా నాకు దక్కింది ఆ కుక్కి మంచమే. అది వద్దనుకునే ధైర్యం ఇప్పటికీ నాకు లేదు.

ఇప్పుడు ఆ కొండ మీద సర్కారు వాళ్లు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వించి, కానుగ, వేప నాటించారు. వంకకు అడ్డంగా సిమెంటు కట్టలు వేశారు. బళ్లో గోడ మీద మీట నొక్కితే ఏ సినిమా కావాలంటే ఆ సినిమా వస్తుంది, తెలుగులోనే మాట్లాడుతుంది. కొట్టంలో చీకటి చేయడానికి ఎవరి గొంగళ్లూ అడగక్కర్లేదు. ఇవన్నీ మంచివే. కానీ ఆ బళ్లో పనిచేసే ఒక చిన్న టీచరమ్మ ఈ మధ్య నన్ను చూడటానికి వచ్చి, ఊరి పక్క క్వారీ గురించి పిల్లలు ఏదో అడిగితే "అది సిలబస్‌లో లేదు" అని దాటేశానని, దాటేసినప్పుడు ఒళ్లంతా చెమట పట్టిందని చెప్పింది. నేను ఆ అమ్మాయికి మంచినీళ్లు ఇచ్చాను. సలహా ఇచ్చే మొహం నాకు లేదు.

లచ్చుమమ్మను మళ్లీ ఒక్కసారే చూశాను. కనిగిరి బస్టాండులో. నాకు అప్పటికి వెంట్రుకలు నెరిశాయి, ఆమెకు నలభై ఉండవచ్చు. చంకలో మూట, పక్కన పెద్దకూతురు. ఆమే నన్ను పోల్చుకుని, "టీచరమ్మా" అని వచ్చి చేతులు పట్టుకుంది. పిల్లల గురించి, పంటల గురించి మాట్లాడుకున్నాం. వాళ్ల బస్సు వచ్చింది. కూతురు లాగుతోంది. ఆమె కదల్లేదు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు సినిమా దగ్గర నేను సరిగ్గా వినలేదంటివి గదా. నా చెవులకు ఏదో లోపం ఉండాదని చానా రోజులు అనుకున్యా. ఇప్పటికీ ఎవురేం చెప్పినా రెండుసార్లు అడుగుతా. మా ఇంటాయన చెవిటిదానా అని తిడతాడు."

కండక్టరు విజిలు వేశాడు. నేను ఆమె చేతులు వదల్లేదు.

"నీ చెవులు బాగున్నాయి లచ్చుమమ్మా. మొదటి రోజు నువ్వు విన్నదే నిజం. చెట్లు కొట్టినందుకే. రెండో రోజు నేనే అబద్ధం చెప్పాను."

ఆమె నా మొహం వంక చూస్తూ ఉండిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది.

"ఏందీ?" అంది. "ఇంకోసారి చెప్పు టీచరమ్మా."

చుట్టూ జనం ఉన్నారు. బస్సు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను ఇంకోసారి చెప్పాను. ఈసారి అందరికీ వినపడేట్టు చెప్పాను.